పద్నాలుగో నంబరు కుళాయికి మోకాలి నొప్పి

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట మా ఇంట్లోవాళ్ళు అన్నది కాదు, నా పనితీరు నివేదికలో మా పైఅధికారి రాసింది. ఆ నివేదిక కూడా బహిరంగమే, కావలసినవాళ్ళు చూసుకోవచ్చు. నాకేం దాపరికం లేదు. దాపరికం లేకుండా చూడటమే నా ఉద్యోగం.

ప్రభుత్వ ఆఫీసులు తమ దగ్గరున్న వివరాలను జనం ముందు పెడుతున్నాయా లేదా అని నేను తనిఖీ చేస్తాను. వివరాలు పూర్తిగా ఉండాలి, వేళకు రావాలి, ఎవరినీ బతిమాలకుండా ఎవరైనా దించుకోగలగాలి, మనిషితో పాటు కంప్యూటరు కూడా చదవగలగాలి. ఇవీ ప్రమాణాలు. వినడానికి తేలికే. కానీ "వివరాలన్నీ తెరిచి ఉంచండి" అని ఉత్తర్వు వెళితే, బీరువా తలుపులు ఊడదీసి మెట్ల కింద పడేసిన ఆఫీసును ఈ కళ్ళతో చూశాను. "కంప్యూటరు చదవగలగాలి" అన్నందుకు కాగితాల కట్టను కంప్యూటరుకు ఎదురుగా నిలబెట్టి, అది చదువుకోవడానికి లైటు కూడా వేసి ఇంటికెళ్ళిన మహానుభావులున్నారు. మరి నాకు కోపం రాక ఏమొస్తుంది?

అందుకని నీటి సరఫరా ఆఫీసుకు తిట్టడానికి సిద్ధపడే వెళ్ళాను. రెండంతస్తుల పాత భవనం. కింద పైపులు, పైన ఫైళ్ళు. నీటి ఆఫీసులో చేతులు కడుక్కోవడానికి నీళ్ళు రావడం లేదు, అది వేరే సంగతి. నేను చూడాల్సింది వీధి కుళాయిల పట్టిక. ఊళ్ళో రెండు వందల పన్నెండు వీధి కుళాయిలున్నాయి. మరమ్మతు మేస్త్రీ ఒకతను నెలకోసారి అన్నింటినీ చూసి వచ్చి కాగితం నింపుతాడు. గుమాస్తా దాన్ని కంప్యూటరులోకి ఎక్కిస్తాడు. ఆఫీసరు "పరిశీలించి సరి చూశాను" అని సంతకం పెడతారు. మర్నాడు అది జనం చూసుకునేలా వెబ్‌సైటులోకి వెళుతుంది. మూడేళ్ళుగా ఇదే వరస.

ఎంత వెతికినా తప్పు దొరకలేదు. వేళకు వచ్చిందా? ఒక్క నెల తప్ప అన్నీ ఆరో తారీకు లోపే వచ్చాయి. పూర్తిగా ఉందా? ఒక్క గడి కూడా ఖాళీ లేదు. కంప్యూటరు చదివిందా? గడగడా చదివింది. ఒళ్ళు మండినా నూటికి తొంభై రెండు వేశాను. పదేళ్ళలో ఎవరినీ డెబ్బై దాటనివ్వని చెయ్యి ఇది. ఆఫీసరు పొంగిపోయి టీ తెప్పించారు. ఈయన్ని ఆఫీసులో అందరూ సంతకాల సారు అంటారు. ఎందుకంటారో అప్పటికింకా నాకు తెలియదు.

ఆఖరి పని ఒకటి మిగిలింది. పట్టికలో ఏముందో కంప్యూటరు చేత నాలుగు ముక్కల్లో చెప్పించాలి. మీట నొక్కి టీ గ్లాసు అందుకున్నాను. ఊళ్ళో కుళాయిల్లో పదకొండు శాతానికి మోకాలి నొప్పి ఉందని అది చెప్పింది. ఆరు కుళాయిలకు ఆకలిగా ఉందట. నాలుగింటికి నిద్ర పట్టడం లేదట. ఒక కుళాయికి ముక్కు కారుతోందట. ఆ ఒక్కటే కాస్త నమ్మదగ్గదిగా అనిపించింది.

టీ పక్కన పెట్టి అసలు పట్టిక తెరిచాను. కుళాయి నంబరు, వీధి, "పనిచేస్తోందా", ఆ పక్కన "ప్రస్తుత పరిస్థితి". పద్నాలుగో నంబరు పనిచేస్తోంది, ప్రస్తుత పరిస్థితి: మోకాలు పట్టేసింది. పదిహేనో నంబరు పనిచేస్తోంది: చెప్పు తెగింది. పదహారో నంబరు పనిచేయడం లేదు: కుక్క వెంటపడింది, పరిగెత్తాను, మోకాలు వదిలింది. పదిహేడు: ఆకలి. పద్దెనిమిది: ఎవరో తల్లి పిలిచి భోజనం పెట్టింది. పంతొమ్మిది: ఎక్కువైంది. ఇరవై: నీడలో కూర్చున్నాను. ఇరవై ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా ఒకటే మాట: ఇంకా కూర్చునే ఉన్నాను.

ఇలా ముప్ఫై ఆరు నెలలు. ప్రభుత్వ ముద్రతో, ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా దించుకోగలిగేలా.

సంతకాల సారుకు చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, తీసి చదివి, నీళ్ళు నమిలారు. అంతకు ముందు ఎప్పుడూ చదవలేదా అంటే, మేస్త్రీ మీద నమ్మకంతో సంతకం పెట్టానన్నారు. ముప్ఫై ఆరు సంతకాలు. ఒకటి "రాత్రంతా దగ్గు" కింద, ఒకటి "బొత్తాం ఊడింది" కింద. తర్వాత ఆయనకు ఎక్కడలేని కర్తవ్యం గుర్తొచ్చి, ఆ మేస్త్రీ ఉద్యోగం ఇవాళే ఊడాలని బల్ల మీద గుద్దారు. ఉరుము ఉరిమి మంగలం మీద పడటమంటే ఇదే. నా కోపం ఆయన మీదికి మళ్ళింది కానీ, ఏం లాభం? ప్రమాణాల్లో ఏడో నిబంధన ఆయన పక్షానే ఉంది. ఏడాదికి మించి తప్పుడు నమోదు చేసినవాణ్ణి ఉద్యోగంలోంచి తీసేయాలి. రాసినవాణ్ణని ఉంది. సంతకం పెట్టినవాణ్ణని లేదు.

మేస్త్రీని పిలిపించారు. భుజాన సంచి, చేతిలో పానా, తల సగం నెరిసింది. ముప్ఫై నాలుగేళ్ళుగా ఊరి కుళాయిలు ఇతని చేతి మీదే నడుస్తున్నాయి. ఎనిమిది నెలల్లో రిటైరవుతాడు. ఇప్పుడు తీసేస్తే ఆ ముప్ఫై నాలుగేళ్ళూ మచ్చతో పోతాయి. నోట్లో నాలుక లేని మనిషని చూడగానే తెలిసింది. ఇలా ఎందుకు రాశావయ్యా అని నేను గట్టిగానే అడిగాను. మొట్టమొదటి కాగితంలో అన్నింటికీ "బాగుంది" అని రాసి తెస్తే సారు పైపైన చూసి తిప్పి ఇచ్చారట, వివరంగా రాయి, ఉన్నది ఉన్నట్టు రాయి అన్నారట. అప్పుడతను ఆ కాగితం ముందు పెట్టుకుని బాగా ఆలోచించాడట.

"కుళాయి పనిచేస్తోందా అని ముందు గడిలోనే అడిగారు కదండీ. అదే మాట మళ్ళీ ఎందుకడుగుతారు? అందుకని పక్క గడి నా గురించే అనుకున్నాను. ఇన్నేళ్ళకి గవర్నమెంటువారు నా మంచీచెడూ అడిగారని సంతోషమేసిందండి. అడిగినప్పుడు అబద్ధం చెప్పకూడదు కదా."

ఆ కాగితం మళ్ళీ చూశాను. నిజమే, ఎవరి పరిస్థితో అందులో లేదు. ఇంట్లో అడిగేవాళ్ళెవరూ లేరా అన్నాను. భార్య పోయి చాలా ఏళ్ళయిందట. ఉన్న ఒక్క మనిషీ మాట్లాడటం మానేసి నాలుగేళ్ళయిందని చెప్పి, సంచి ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకున్నాడు.

ఆ సాయంత్రం పట్టిక ఇంటికి పట్టుకుపోయాను. అన్నం తింటూ మా ఆయనకు చదివి వినిపించాను, నా కర్మ ఎలా కాలిందో చూడమని. ఆయన నవ్వి నవ్వి పొలమారి, నీళ్ళు తాగి, కుక్క వెంటపడ్డాక ఏమైందో చదవమన్నారు. చదివాను. ఆపై నెల కూడా చదవమన్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఒక మనిషి ఉద్యోగం పోబోతుంటే మీకిది కథాకాలక్షేపంలా ఉందా అన్నాను. మొదలుపెడితే ఎవరు మాత్రం ఆపగలరు, నీ కంటే ముందే ఎవరో చదువుతూనే ఉంటారు, చూసుకో అన్నారు. ఆయన మామూలుగా పనికొచ్చే మాట అనరు. ఆ రోజు అన్నారు.

మర్నాడు వెళ్ళగానే, ఆ పట్టికను ఎంతమంది దించుకున్నారో లెక్క తీశాను. ప్రతి నెలా ఒక్కరు. ఇద్దరు కాదు, సున్నా కాదు. మూడేళ్ళుగా ప్రతి నెలా ఆరో తారీకు పొద్దున్నే ఒకే ఒక్కరు. పట్టిక ఆలస్యమైన ఒక్క నెల మాత్రం తొమ్మిదో తారీకున. ఆ నెల ఫిర్యాదుల ఫైలు తెమ్మన్నాను. గుమాస్తా దుమ్ము దులిపి తెచ్చాడు. అందులో ఒక ఉత్తరం, ముత్యాల్లాంటి అక్షరాలు.

"అయ్యా, ఆరో తారీకు దాటినా ఈ నెల కుళాయిల పట్టిక రాలేదు. పోయిన నెల ఆఖరున, రెండు వందల పన్నెండో నంబరు దగ్గర జ్వరం అని ఉంది. ఆ తర్వాత ఏమైనదీ తెలియక ఇబ్బందిగా ఉన్నది. వెంటనే ప్రకటించగలరు."

కింద విశ్రాంత ఉపాధ్యాయురాలు అని సంతకం, బస్సులో మూడు గంటలు పట్టే వేరే ఊరి చిరునామా. దాని మీద సంతకాల సారు రాత: "జ్వరము నీటి శాఖకు సంబంధించినది కాదు. ఆరోగ్య శాఖకు పంపుడు." పంపారు కూడా. ఆరోగ్య శాఖవాళ్ళు తిప్పి పంపారు: "కుళాయిలకు వైద్యము మా పరిధిలో లేదు."

నాకు తొమ్మిదో నిబంధన గుర్తొచ్చింది. ఏ పట్టికకైనా వాడుకదారు ఉంటే, వాళ్ళ మాట బహిరంగంగా వినకుండా ఒక గడిని గానీ, దాన్ని రాసినవాణ్ణి గానీ తీసేయకూడదు. రాసింది నిజమేనని, తమకు పనికొచ్చిందని వాడుకదారు చెబితే అది తప్పుడు నమోదు కాదు. ఆ నిబంధన ఎవరూ ఎప్పుడూ వాడలేదు, ఎందుకంటే ఏ పట్టికకూ ఎప్పుడూ వాడుకదారు దొరకలేదు. ఆ టీచరుకు నోటీసు పంపాను. మేస్త్రీ ఉద్యోగం ఇక ఆవిడ చెప్పే మాట మీద ఉంది.

బహిరంగ విచారణ అంటే మైకు ఉండాలి, నలభై కుర్చీలు ఉండాలి, అదీ నిబంధనే. గుమాస్తా నలభై కుర్చీలూ వేశాడు. ఒక్క మనిషి వచ్చింది. అరవై అయిదేళ్ళుంటాయి, బిగించి కట్టిన చీర, చేతిలో బరువైన గుడ్డ సంచి. ముందు వరసలో నడిమి కుర్చీలో నిటారుగా కూర్చుంది. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ మేస్త్రీ ఆవిణ్ణి చూస్తూనే స్తంభం చాటుకు జరిగాడు. ఆవిడ అటు తిరగలేదు. మైకు ఒకసారి కీచుమంది.

ఈ పట్టిక మీరు వాడుతున్నారా అని అడిగాను. వాడుతున్నానంది. దేనికన్నాను. సామాన్య జ్ఞానం కోసమంది. మీరుండేది వేరే ఊరు కదా, ఈ కుళాయిల నీళ్ళు మీరు తాగరు కదా అన్నాను. నీళ్ళు ఎక్కడివైనా నీళ్ళేనంది. సంతకాల సారు ఇంకేముంది అన్నట్టు కాగితాలు సర్దుకోబోయారు. నేను వదల్లేదు. సరదాకి చదివానంటే చెల్లదమ్మా, నిజంగా ఏ అవసరానికి వాడుతున్నారో చెప్పకపోతే ఇదంతా తప్పుడు నమోదు కిందికే వస్తుంది, గడితో పాటు రాసినతన్నీ తీసేస్తారు అని చెప్పాను. ఎవర్ని, అని అడిగింది. మేస్త్రీని అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. శుభ్రంగా ఉన్న అద్దాలనే చాలాసేపు తుడిచింది. తర్వాత సంచిలోంచి ఒక పెద్ద కట్ట తీసి బల్ల మీద పెట్టింది. మూడేళ్ళ పట్టికలు, నెలనెలా అచ్చు తీసి కుట్టినవి. విప్పి చూద్దును కదా, ప్రతి వరసా ఎర్ర సిరాతో దిద్ది ఉంది. "నెప్పి" అన్నచోటల్లా కొట్టేసి "నొప్పి" అని రాసింది. పక్కన మార్కులు. "బాగున్నాను" అన్నచోట సున్నా, దాని కింద గీత గీసి "అబద్ధం". "రాత్రి వండుకోలేదు" దగ్గర పదికి తొమ్మిది, ఒక్కటి ఒత్తు తప్పుకు కోసింది. "ఇవాళ ఎవరితోనూ మాట్లాడలేదు" అన్నచోట మార్కులేమీ వేయలేదు.

"వాడు నా తమ్ముడమ్మా," అంది. "మా అమ్మ పోయేనాటికి వాడికి అయిదేళ్ళు, నాకు పదకొండు. అక్షరాలు దిద్దించింది నేనే. అందుకే ఆ నెప్పి చూస్తే నాకు సిగ్గు."

మిగతాది కూడా చెప్పింది, మైకు ముందే, నలభై కుర్చీలకీ వినపడేలా. నాలుగేళ్ళ కిందట ఆవిడ రిటైరైన రోజున బళ్ళ ఇన్‌స్పెక్టరుగారిని ఇంటికి భోజనానికి పిలిచింది. వంటింటి కుళాయి కారుతుంటే తమ్ముడు బిగించి, ఇక నూరేళ్ళు దీన్ని ముట్టుకోనక్కర్లేదక్కా అన్నాడు. ఇన్‌స్పెక్టరుగారు చేయి కడుక్కోవడానికి తిప్పగానే కుళాయి ఊడి ఆయన చేతిలోకొచ్చింది. పెద్దమనిషి నిలువునా తడిశాడు. ఆ ఉక్రోషంలో ఆవిడ పదిహేనుమంది ముందు తమ్ముణ్ణి అనకూడని మాట అంది, ఇన్నేళ్ళూ ఊరిని ముంచకుండా ఎలా బతికావురా అని. అతను సగం విస్తట్లోంచి లేచిపోయాడు. పెద్దదాన్ని, నేనెందుకు దిగిరావాలి అని ఆవిడ. మాట పడ్డవాణ్ణి, నేనెందుకు వెళ్ళాలి అని అతను.

"వాడి ఆఫీసు గురించి ఏదైనా ఉంటుందేమోనని కంప్యూటరులో వెతికాను. కుళాయిల పట్టిక దొరికింది. పద్నాలుగో నంబరు దగ్గర మోకాలు పట్టేసిందని ఉంది. అది వాడి మోకాలే. చిన్నప్పుడు జామచెట్టు మీంచి పడ్డాడు. ఇంతకీ దేనికి వాడుతున్నానని కదూ నువ్వడిగావు? రాసుకోమ్మా. మా తమ్ముడెలా ఉన్నాడో తెలుసుకోవడానికి."

ఇందాకటిదాకా ఆ మాట ఎవరి ముందూ ఒప్పుకోకూడదని కూర్చున్న మనిషి. నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు. విచారణ రాసుకుంటున్న గుమాస్తా తలెత్తి, ఆ జామచెట్టు ఏ కుళాయి కింద నమోదు చేయాలని అడిగాడు. సంతకాల సారు అతన్ని నోరు మూసుకోమన్నారు. మూడేళ్ళలో ఆయన చేసిన పనికొచ్చే పని అది.

నా నిర్ణయం అక్కడికక్కడే చదివాను. పట్టికలో రాసింది నిజమేనని వాడుకదారు ధ్రువీకరించారు కనుక తప్పుడు నమోదు లేదు, అబద్ధాలున్నచోట ఆవిడే సున్నాలు వేశారు కనుక వాటికి వేరే శిక్ష అక్కర్లేదు. లోపం గడి శీర్షికలో ఉంది, చదవకుండా పెట్టిన ముప్ఫై ఆరు సంతకాల్లో ఉంది. మేస్త్రీ ఉద్యోగానికి ఢోకా లేదు. ఆఫీసరుగారు మాత్రం ఇకనుంచి రెండు వందల పన్నెండు కుళాయిలూ కాలినడకన చూసి వచ్చాకే సంతకం పెట్టాలి. సంతకాల సారు అప్పుడే తన మోకాళ్ళ వైపు చూసుకున్నారు.

ఇక ఒక్కటే మిగిలింది. "కుళాయి పరిస్థితి" అని కొత్త గడి పెడతాం, పాత గడి ఏం చేయమంటారని వాడుకదారును అడగాలి. ఉంచమంటుందనే అనుకున్నాను. ఉంచడానికి పైవాళ్ళతో పోట్లాడటానికి కూడా లోపల్లోపల సిద్ధమైపోయాను. నా కోపం ఒక్కసారైనా మంచిపనికి వస్తుందనుకున్నాను.

"తీసేయండి," అంది.

స్తంభం చాటునుంచి మేస్త్రీ బయటికొచ్చాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"నెలకోసారి నాకు చాలదు," అంది ఆవిడ, కట్టకు తాడు బిగిస్తూ. "రోజూ నోటితో నాకే చెప్పమనండి."

సంబంధిత ఉద్యోగి ఏమైనా చెప్పదలుచుకుంటే చెప్పవచ్చని నేను నిబంధన ప్రకారం అడిగాను. మేస్త్రీ మైకు దాకా వచ్చాడు. గొంతు సవరించుకున్నాడు. పానా ఎక్కడ పెట్టాలో తెలియక చంకలో పెట్టుకున్నాడు.

"ఆదివారం వస్తానక్కా," అన్నాడు.

ఆవిడ తలెత్తి నాలుగేళ్ళ తర్వాత తమ్ముడి మొహం చూసింది. చూసి, ఆ చంకలోది కూడా చూసింది.

"రా," అంది. "అది మాత్రం తేకు."